నాలుగు నిమిషాల జవాబు

ఇల్లు, కిటికీ పక్క బల్ల
బడి తెరిచిన మూడో వారం

గడుగ్గాయికి,

ముందు నువ్వన్న మాటొకటి దిద్దాలి. అమ్మమ్మకి కంప్యూటర్లంటే పడదని మొన్న మీ అమ్మతో అన్నావట. పడకపోతే ఈ ఉత్తరం ఒక్క వేలితో, రెండుసార్లు కళ్లజోడు తుడుచుకుని, నువ్వు కొనిచ్చిన ఈ పలక మీద ఎందుకు కొడతాను? నాకు పడనిది చీకటి. నువ్వు పంపిన ఫొటో చూశాను. కిటికీలకి తెరలు దించేసి, లైట్లార్పేసి, గోడంత బొమ్మ వేసి, దాని పక్కన నువ్వు పెళ్లిలో ఫొటోగ్రాఫరులా నిలబడ్డావు. బొమ్మ కనబడింది. నువ్వు కనబడ్డావు. ఏడో తరగతి పిల్లలు ముప్ఫై ఎనిమిది మంది ఉన్నారన్నావు. నాకు ముప్ఫై ఎనిమిది గుమ్మడికాయలు కనబడ్డాయి.

ముప్ఫై నాలుగేళ్లు భాషాపాఠం చెప్పాను. నాకు ప్రొజెక్టరు లేదు కాబట్టి పిల్లలు నా మొహమే చూసి ఏడిచేవాళ్లు. నేనూ వాళ్ల మొహాలే చూసి ఏడిచేదాన్ని. గిట్టుబాటు సమానం.

అలాగని నీ ఊపిరితిత్తుల వీడియోని తీసిపారెయ్యను. మా సైన్సు మాస్టారు నెలరోజులు చేతులూపినా నాకెక్కనిది, అది రెండు నిమిషాల్లో ఎక్కించింది. ఈ ముక్క మీ అమ్మకి కూడా చదివి వినిపించు.

ప్రశ్నల పెట్టె అని ఏదో పెట్టావట. మీ అమ్మ సగం చెప్పి, పాలు పొంగుతున్నాయని ఫోను పెట్టేసింది. మిగతా సగం నువ్వు రాయి.

అమ్మమ్మ

*

స్టాఫ్ రూము, బీరువా వెనక కుర్చీ
ఆ శుక్రవారం, టిఫిన్ బెల్లు తర్వాత

అమ్మమ్మా,

సరే, తప్పు నాదే. గుమ్మడికాయల మాట మాత్రం పిల్లలకి చెప్పను, నీ మీదకి దండెత్తుతారు.

పెట్టె అంటే నిజం పెట్టె కాదు. ఒక్కొక్కరికీ ఒక ట్యాబు ఇచ్చాం కదా. పాఠం అయ్యాక అందులో ఒక ఖాళీ గడి తెరుచుకుంటుంది. అర్థం కానిది అందులో కొడితే నా స్క్రీను మీదకి వస్తుంది. ఎవరు కొట్టారో రాదు. పోయినేడాది ఈ క్లాసులో చెయ్యెత్తి ప్రశ్న అడిగినవాళ్లు నలుగురు, అందులో ఇద్దరు బాత్రూముకి వెళ్లొచ్చా అని. మొన్న ఒక్కరోజే పంతొమ్మిది ప్రశ్నలొచ్చాయి. తుమ్మితే గుండె ఆగుతుందా, చేప నీళ్లు ఎలా పీలుస్తుంది, ఇలాంటివి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇంకొంచెం తెలివి కూడా చూపించాను. ట్యాబు వెనక నంబరుంటుంది కాబట్టి పట్టుబడతామని పిల్లలకి భయం. అందుకని పెట్టె తెరిచే ముందు ట్యాబులన్నీ బల్ల మీద కుప్పపోయించి, ఎవరికి నచ్చింది వాళ్లు తీసుకోండి అంటాను. ఇక నాక్కూడా తెలీదు, దేవుడిక్కూడా తెలీదు అని ప్రమాణం చేశాను.

వారం చివర ఒక పట్టీ వస్తుంది. ఎవరు ఎన్ని జవాబులిచ్చారో చూసి, బాగా చేసినవాళ్లకి పచ్చ, వెనకబడ్డవాళ్లకి ఎరుపు. అది వాళ్ల ఇంటి ఫోనుకి దానంతటదే వెళ్లిపోతుంది, నాకు పని తప్పింది. మూడు వారాలుగా ఎరుపు తప్పనిది ఒక్కతే. వెనక బెంచీ పిల్ల. ఎప్పుడు చూసినా పైకి, ఫ్యాను వంక చూస్తుంటుందని తోటివాళ్లు పైచూపు అని పేరు పెట్టారు. మొద్దు కాదు, ఎక్కడో ఉంటుంది. దాన్ని దారిలో పెట్టాలి.

కరెంటు మాత్రం వారానికి రెండుసార్లు హ్యాండిస్తోంది. పోగానే పిల్లలు ఒకటే కేరింతలు.

నీ గడుగ్గాయి

*

ఇల్లు, అదే బల్ల
ఆదివారం

గడుగ్గాయీ,

పంతొమ్మిది ప్రశ్నలు తెప్పించావా, శభాష్. నేను ముప్ఫై నాలుగేళ్లలో తెప్పించినవి లెక్కపెడితే అంతే ఉంటాయేమో.

కానీ పేరులేని పెట్టె అంటే నాకు కొంచెం గుబులు. దాంట్లో తుమ్మే పడుతుందని ఏముంది, ఏదైనా పడుతుంది. పడ్డదాన్ని పైకి తియ్యాల్సింది నువ్వు. రోజూ తీస్తున్నావా, తీరికైనప్పుడు తీస్తున్నావా? ఎందుకడుగుతున్నానో ఇప్పుడు రాయను. వేలు నొప్పి.

అమ్మమ్మ

*

స్టాఫ్ రూము
మొదటి టర్ము పరీక్షల ముందు, సోమవారం మధ్యాహ్నం

అమ్మమ్మా,

రెండు నెలలు ఉత్తరం రాయనందుకు తిట్టు, కానీ తర్వాత. ముందు ఇది చదువు.

పోయిన నెల పెట్టెలో ఒక ప్రశ్న వచ్చింది. ఊపిరి ఆడకపోతే ఎంతసేపటికి చచ్చిపోతారు అని. శ్వాస పాఠమే కదా, నేను సంబరంగా స్క్రీను మీద పెట్టి జవాబు చెప్పాను. మెదడుకి ఆక్సిజన్ పూర్తిగా ఆగితే నాలుగు నిమిషాల్లో దెబ్బ తినడం మొదలవుతుంది, ఆపైన కష్టం అన్నాను. మంచి ప్రశ్నకి నక్షత్రం ఇచ్చే మీటొకటి ఉంది. నక్షత్రం కూడా ఇచ్చాను. అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాతి వారం ఇంకోటి. ఆ నాలుగు నిమిషాలూ నొప్పిగా ఉంటుందా అని. పరీక్షల హడావిడిలో దాన్ని చదివి, రేపు చెబుదాంలే అని పక్కన పెట్టాను. మర్చిపోయాను. అమ్మమ్మా, నిజంగా మర్చిపోయాను.

ఇవాళ పొద్దున వచ్చింది ఇది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "పక్కన ఎవ్వరూ లేనప్పుడు ఐతే ఎవరికి తెలుస్తుంది టీచర్".

మూడూ ఒకరివేనని నా మనసు చెబుతోంది. ఎవరో ఒక పిల్లో పిల్లాడో చావు గురించి ఆలోచిస్తూ నా ఎదురుగా కూర్చుంటున్నారు, నేను నక్షత్రం ఇచ్చాను. ఎవరో కనుక్కునే దారి లేకుండా దారులన్నీ నేనే మూసి, పైగా ప్రమాణం చేశాను. మధ్యాహ్నం హాజరు రెండోసారి తీసుకున్నాను. ముప్ఫై ఎనిమిదీ ఉన్నారు. ఇంకా ఎవరికీ చెప్పలేదు. తొందరలో కొడుతున్నాను, తప్పులుంటే క్షమించు.

*

ఇల్లు
సోమవారం, నీ ఉత్తరం చూసిన పది నిమిషాలకి

ఇవాళ వేళాకోళం లేదు.

కుర్చీలోంచి లేచి పెద్ద టీచరమ్మ గదికి వెళ్లు. మూడు ప్రశ్నలూ చూపించు. నక్షత్రం సంగతి, మర్చిపోయిన సంగతి, రెండూ చెప్పు. మాట పడితే పడు. ఇది ఒక్క మనిషి చేతిలో ఉండాల్సింది కాదు.

పిల్లలకి చేసిన ప్రమాణం పిల్లల ప్రాణం కంటే పెద్దది కాదు. ఆ ట్యాబులమ్మినవాళ్లకి ఏమైనా తెలుస్తుందేమో అడిగించు. పెట్టె మాత్రం మూయకు, మూయనివ్వకు. ఆ బిడ్డకి ఉన్నది అదొక్క కిటికీ.

అమ్మమ్మ

*

స్టాఫ్ రూము
బుధవారం, ఆటల పీరియడు

అమ్మమ్మా,

చెప్పాను. పెద్ద టీచరమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది. అలా మూడుసార్లు చదివి, చాక్‌పీసు డబ్బా మూత పెట్టి తీసి, పెట్టి తీసి, ఇది బయటికి పొక్కితే తల్లిదండ్రులు గేటు పీకుతారు, ఇప్పుడే ఆ పెట్టె తీయించేస్తాను అంది. నీ మాటే చెప్పాను, కిటికీ అని. శుక్రవారం సాయంత్రం దాకా గడువిచ్చింది.

ట్యాబుల కంపెనీ మనిషి వచ్చాడు. మనం అనుకున్నట్టు పేరు లేకుండా ఏమీ పోదట, ఏ ట్యాబులోంచి వచ్చిందో వాళ్ల దగ్గర ఉంటుందట. అది విని ఎగిరి గంతేశాను. మూడు ప్రశ్నలూ మూడు ట్యాబులు. కుప్పపోయించింది నేనే కదా. ఆ రోజుల్లో ఏది ఎవరు తీశారో పిల్లలకే గుర్తు లేదు. నా తెలివి నన్నే కరిచింది.

పిల్లల మనసు డాక్టరు ఒకామె నెలకోసారి బడికి వస్తుంది. నిన్న పిలిపించాం. ఎవరికైనా బాధగా ఉంటే చెప్పొచ్చు అని ఎంతో నెమ్మదిగా చెప్పింది. ముప్ఫై ఎనిమిది తలకాయలూ ఊగాయి. నేను అందరి ముంజేతులూ, మెడలూ దొంగచాటుగా చూస్తూ తిరుగుతున్నాను. బాగా చదివే ఇద్దరి మీద నాకు అనుమానం, ప్రశ్న అంత తిన్నగా ఉంది కాబట్టి. వాళ్ల వెనకే పడుతున్నాను. నిన్న అందులో ఒకమ్మాయి, నేనేం తప్పు చేశాను టీచర్ అని ఏడ్చేసింది.

ఇవాళ పెట్టెలో ఇది, మళ్లీ కుప్పలోంచి తీసిన ట్యాబుతోనే: "ఇంట్లో సంగతి చెప్తే ఇల్లు ఖాళీ చెయ్యమంటారా".

ఇదేమిటో నాకు బోధపడట్లేదు. పొద్దున గేటు దగ్గర నిలబడి లెక్కపెడుతున్నాను. ముప్ఫై ఏడు దగ్గర ఆగితే నా గుండె ఆగుతోంది. ఆ ముప్ఫై ఎనిమిదో వాడు జోడు లేసులు కట్టుకుంటూ వస్తాడు, వాణ్ణి కొట్టాలనిపిస్తుంది, ముద్దు పెట్టుకోవాలనిపిస్తుంది.

నువ్వు సోమవారం అంత చిన్న ఉత్తరం ఎప్పుడూ రాయలేదు. నా దగ్గర ఏదో దాస్తున్నావు.

*

ఇల్లు, కిటికీ పక్క బల్ల
గురువారం తెల్లవారగానే

గడుగ్గాయీ,

దాచాను. మీ తాతకి కూడా చెప్పలేదు, ఆయనకి ఉప్పు ఎక్కువైతేనే గుండెదడ వచ్చేది.

నాకు ఉద్యోగమొచ్చిన ఆరో ఏడు. నన్ను భయపెట్టే చోటు అని వ్యాసం రాయించాను. ఒకమ్మాయి తమ ఇంటి మెట్ల కింద గది గురించి రాసింది. అందులో ఎవర్ని పెడతారు, తలుపు ఎప్పుడు వేస్తారు, వేశాక బయట ఏమేం చప్పుళ్లు వినిపిస్తాయి, అన్నీ. చదువుతుంటే నా ఒళ్లు జలదరించింది. ఎర్ర సిరాతో పదికి ఎనిమిది వేసి, కల్పన చాలా బాగుంది అని రాసి, క్లాసులో పైకి చదివి వినిపించాను కూడా. ఆ పిల్ల నా వంక చూసిన చూపు అప్పుడు సిగ్గనుకున్నాను. సెలవుల తర్వాత ఆ పిల్ల రాలేదు. ఆ ఇంట్లో ఏం జరిగిందో ఊరంతా చెప్పుకున్నాక నాకు తెలిసింది, అది కల్పన కాదని. పిల్ల బతికే ఉంది, ఎవరో దూరపు బంధువులు తీసుకుపోయారు. అంతవరకే తెలుసు. నేను వెతకలేదు. ఏ మొహం పెట్టుకుని వెతుకుతాను, ఇంకో రెండు మార్కులు వేస్తాననా?

నీ నక్షత్రానికి అక్క నా ఎనిమిది. అందుకని నిన్ను తిట్టే హక్కు నాకు లేదు, చెప్పే హక్కు ఉంది.

ఒకటి. నువ్వు ప్రశ్నలోంచి చావు ఒక్కటే ఏరుకుని బెంబేలెత్తుతున్నావు. నిన్నటిది మళ్లీ చదువు. చావాలనుకునే బిడ్డకి ఇల్లు ఖాళీ చెయ్యడం గొడవెందుకు? ఆ బిడ్డ భయం తన గురించి కాదేమో. కాదని నేను ఒట్టు వెయ్యలేను, ఇంకా భయపడుతూనే ఉండు, కానీ కళ్లు రెండు వైపులా తెరిచి భయపడు.

రెండు. అడిగినదానికి అడిగినట్టు జవాబివ్వు. జాలి ఉపన్యాసాలు వద్దు, పిల్లలు వాటికి తలలూపడం నేర్చుకునే బడికొస్తారు. పెట్టెలోనే రాయి. ఇల్లు పోదని నువ్వు మాటివ్వలేవు, ఇవ్వకు. చెబితే నీతోపాటు నేనూ వచ్చి మాట్లాడతాను అని రాయి. అది చెయ్యగలవు.

మూడు. రేపు తెరలు తీసెయ్. లైట్లు వెయ్. నీ చేతిలో పలక బల్ల మీద బోర్లా పెట్టి, బెంచీల వంక చూడు. గోడ మీద బొమ్మ సగం వెలిసినట్టు కనబడితే కనబడనీ. పాఠం ఒకరోజు పలచనైతే ఎవరూ చావరు.

అమ్మమ్మ

*

స్టాఫ్ రూము కాదు, ఒక ఇంటి గుమ్మం మెట్టు మీద, ఫోనులో రాస్తున్నాను
శుక్రవారం, పన్నెండున్నర

అమ్మమ్మా,

అందరూ బతికే ఉన్నారు. ముందు అది రాస్తున్నాను, నువ్వు కింద దాకా చదివేలోపు ఏమైపోతావో అని.

నువ్వు చెప్పినట్టే తెరలు తీశాను, పలక బోర్లించాను. రెండో పీరియడు మధ్యలో కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, ప్రొజెక్టరు ఆరింది, పిల్లలు కేరింత కొట్టారు. రోజూ ఆ నిమిషంలో నేను వైర్లు పట్టుకుని తంటాలు పడుతుంటాను. ఇవాళ బెంచీల వంక చూశాను. ముప్ఫై ఏడు నోళ్లు తెరిచి ఉన్నాయి. పైచూపు నోరు మూసుకుని ఉంది. ఆగిన ఫ్యాను వంక చూస్తూ బల్ల కింద వేళ్లు మడుస్తోంది. పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతోందమ్మమ్మా. కాసేపటికి లేచింది. అడగలేదు, సంచీ తీసుకోలేదు, తలుపులోంచి నడుచుకుంటూ వెళ్లిపోయింది. గేటు దాకా నడిచి, అక్కణ్ణుంచి పరుగు.

పక్క క్లాసు టీచరుకి పిల్లల్ని చూడమని కేకేసి వెనకే పరిగెత్తాను. వీధి మలుపులో చెయ్యి దొరకబుచ్చుకున్నాను. విదిలించుకుంటూ ఒకటే మాట.

"నాలుగు నిమిషాలేనన్నారు కదా టీచర్."

నా జవాబు, అమ్మమ్మా. ఆ పిల్ల నెల రోజులుగా దాన్ని మోస్తోంది.

మూడు వీధుల అవతల, వెనక వాటా, ఒకటే గది. మంచం మీద వాళ్ల నాన్న. ఊపిరితిత్తుల జబ్బు. మంచం పక్కన గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే మిషను, కరెంటు లేక కూత పెడుతోంది. బడిలో ఫ్యాను ఆగితే ఇక్కడ ఇదీ ఆగుతుంది, ఒకటే లైను. ఆయన కూర్చుని, రెండు చేతులూ పరుపులో గుచ్చి, చేప నోరు తెరిచినట్టు పీలుస్తున్నాడు. పెదాలు నీలం. మూల దుప్పటి కప్పిన సిలిండరుంది, ఇలాంటప్పటి కోసమే. దాన్ని తిప్పే స్పానరు బీరువా మీద. తల్లి పైన పెట్టి పనికి వెళ్తుంది, పిల్ల తెలియక తిప్పుతుందేమోనని. బట్టలు ఇస్త్రీ చేసే చోట పని ఆమెకి, సాయంత్రం దాకా రాదు. ఆయన లేచి బీరువా అందుకోలేడు. ఆ పిల్ల ఎన్నిసార్లు ఇలా పరిగెత్తాలనుకుని, టీచరు తిడుతుందని బెంచీ పట్టుకుని కూర్చుందో. నేను కుర్చీ ఎక్కి స్పానరు తీశాను. వాల్వు తిప్పడం నాకు రాలేదు. ఆయన వేళ్లతో చూపిస్తుంటే పిల్ల తిప్పింది. మాస్కు పెట్టాం. పది నిమిషాలకి పెదాల రంగు మారింది. కరెంటు ఇరవై నిమిషాలకి వచ్చింది.

ఆసుపత్రి నర్సుకి ఫోను చేశాను. మిషను ఆగినా ఆయన ఊపిరి ఆయన తీసుకుంటూనే ఉంటాడు, నాలుగు నిమిషాల్లో ఏమీ కాదు, కానీ అరగంట దాటితే ప్రమాదం, సిలిండరు పెట్టాల్సిందే అంది. ఊపిరి ఆగడం వేరు, ఆక్సిజన్ తగ్గడం వేరు. నేను చెప్పిన జవాబు తప్పు కాదు, ఆ పిల్ల ప్రశ్నకి అది జవాబు కాదు. పిల్లని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. "అరగంటా" అని మళ్లీ మళ్లీ అడిగింది. అన్నిసార్లూ చెప్పాను.

ఇల్లుగలాయనకి సిలిండరంటే బాంబని భయమట. తెలిస్తే వెళ్లగొడతాడని తల్లి ఎవరితోనూ అనొద్దంది. అదీ ఆ ప్రశ్న. ఆయన మంచం మీంచి నాకు తన ఫోను చూపించాడు. మీ అమ్మాయికి శ్రద్ధ తక్కువ, ఎరుపు. వారం వారం వరసగా. నేను పంపినవి. కోప్పడదామంటే ఊపిరి చాల్లేదు టీచరు గారూ అని నవ్వబోయి దగ్గాడు.

చెప్పకుండా క్లాసు వదిలి వచ్చానని పెద్ద టీచరమ్మ కబురు పెట్టింది. వెళ్లాలి. ఒక ఆలోచన వచ్చింది. పీరియడుకోసారి ఆయన తన ఫోను నొక్కితే, క్లాసులో పెద్ద స్క్రీను మూల ఒక పచ్చ చుక్క వెలిగేలా పెడతాను. పిల్ల దాన్ని చూసుకుంటుంది. ఎలా ఉంది?

ఇవాళ తెరలు వేసి ఉంటే?

*

ఇల్లు
శుక్రవారం, రెండు గంటలు

గడుగ్గాయీ,

వేసి ఉంటే అనేది ఇకనుంచీ వస్తూనే ఉంటుంది. నాకు నలభై ఏళ్లుగా వస్తోంది. అది వచ్చినప్పుడల్లా లేచి ఏదో ఒక పని చెయ్యి. కూర్చుంటే నెత్తికెక్కుతుంది.

పచ్చ చుక్క ఆలోచన మంచిదే, ఒక్కటే లోపం. కరెంటు పోతే స్క్రీనూ పోతుంది. ఆ పిల్లకి చుక్క కావాల్సింది సరిగ్గా అప్పుడే. ఆయన ఫోను నీ ఫోనుకి రానీ, అది బ్యాటరీ మీద బతుకుతుంది. నువ్వు బోర్డు మూల సుద్దముక్కతో చుక్క పెట్టు. ఎందుకని మిగతా పిల్లలడిగితే టీచరు తిక్క అని చెప్పు, నమ్ముతారు. ఫోను రాకపోతే పిల్లని పంపకు, నువ్వు వెళ్లు.

పెద్ద టీచరమ్మ ఏమన్నా తల వంచుకుని విను, కానీ పెట్టె ఉంచుతామని సంతకం పెట్టించుకునే బయటికి రా. పేరు పూర్తిగా దాగదని పిల్లలకి నిజం చెప్పి మరీ తెరువు. ఎరుపు చీటీ మాత్రం ఇక దానంతటది వెళ్లకూడదు. ముందు నువ్వు ఆ ఇంటికి వెళ్లి రావాలి, తర్వాతే ఏ రంగైనా.

ఇల్లుగలాయన నంబరు పంపు. నర్సమ్మ దగ్గర నాలుగు ముక్కలు నేర్చుకుని నేను మాట్లాడతాను. మాట్లాడాక ఆయనకి సిలిండరంటే భయం తగ్గుతుందో లేదో చెప్పలేను, నేనంటే మాత్రం మొదలవుతుంది. మొండికేస్తే ఇంకో వాటా వెతుకుదాం. ఆ తల్లితో ఇంత మాత్రమే అను, అంతకు మించి ఆశ పెట్టకు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. బడి వదలగానే సిలిండర్లు అద్దెకిచ్చే దుకాణానికి వెళ్లు. ఆ వాల్వుకి సరిపడే రెండో స్పానరు కొను. కొలత చెప్పి తెచ్చుకోకు, బీరువా మీదది తీసుకెళ్లి పక్కన పెట్టి చూసుకో. సిలిండరు మంచం దగ్గరికి జరిపించి, పడకుండా కట్టించు. కొత్త స్పానరుకి గట్టి తాడు వేసి మంచం కోడుకి కట్టు. నీకు అందే ఎత్తులో కాదు, కూర్చుని పరుపు పట్టుకున్న మనిషికి అందే ఎత్తులో. తల్లి వచ్చేదాకా ఉండి, ఆమెకీ చూపించు. కట్టాక ఆయన్ని కళ్లు మూసుకుని అందుకోమను. మూడుసార్లు. మూడోసారి ఆ పిల్లని పక్కన నిలబెట్టి చూడమను.

అమ్మమ్మ